చెడు సావాసం మీద జంతు కథ రాయడం, చెప్పడం ఎలా?

చెడు సావాసం గురించి పిల్లలకు చెప్పే జంతు కథలు చాలావరకు మొదటి వాక్యంలోనే పాడైపోతాయి. "అనగనగా ఒక జిత్తులమారి నక్క" అనగానే వినే పిల్లకు అంతా తెలిసిపోయింది. అలాంటి నక్కతో తనెందుకు తిరుగుతుంది? ఆ జింకకు బుద్ధి లేదు, అంతే. నిజంగా ఆ పిల్లకు బయట ఎదురయ్యే సావాసం అలా ఉండదు. నవ్విస్తుంది, పేరు పెట్టి పిలుస్తుంది, తనొస్తే గాని ఆట మొదలుపెట్టనంటుంది. ఆ తీపి కథలో లేకపోతే, తర్వాత ఎంత పెద్ద ప్రమాదం చూపించినా వినే పిల్ల దాన్ని తన దాకా తెచ్చుకోదు.

ఇక్కడ చెప్పే పద్ధతి 7 నుంచి 10 ఏళ్ళ పిల్లలకు నోటితో చెప్పే కథ కోసం. అయిదారు నిమిషాల్లో ముగియాలి. కాగితం మీద అది 500 నుంచి 600 మాటలు. పాత్రలు మూడు, మహా అయితే నాలుగు. ఒక కథను ముందు పెట్టుకుని, దాన్ని కట్టుకుంటూ వెళ్దాం.

మొదట: ప్రమాదం ఏ దారిన వస్తుందో తేల్చుకోండి

ఈ పని చేయకుండా జంతువుల్ని ఎంచుకుంటే కథ సగంలో ఆగిపోతుంది. చెడు సావాసం వల్ల నష్టం మూడు దారుల్లో వస్తుంది.

ఒకటి, స్నేహితుడే తినడానికి వచ్చినవాడు. హితోపదేశంలోని జింక, కాకి, నక్క కథ ఇదే. తెలుగువాళ్ళలో చాలామందికి ఇది 1853లో వచ్చిన చిన్నయసూరి నీతిచంద్రిక ద్వారా తెలుసు. నక్క జింకకు పండిన చేను చూపించి అలవాటు చేస్తుంది. జింక వలలో చిక్కి తాళ్ళు కొరకమంటే, ఇవి నరాలతో పేనినవి, ఆదివారం పూట పళ్ళతో ఎలా ముట్టుకోనంటూ తప్పుకుంటుంది.

రెండోది, పక్కన ఉన్నందుకే పడే దెబ్బ. ఉజ్జయిని దారిలో చెట్టు కింద బాటసారి నిద్రపోతుంటాడు. అతని ముఖం మీద ఎండ పడకుండా హంస రెక్కలు చాపుతుంది. అదే చెట్టు మీది కాకి అతని నోట్లో రెట్ట వేసి ఎగిరిపోతుంది. బాటసారి కళ్ళు తెరిచేసరికి పైన కనిపించేది హంసే. బాణం దానికే తగులుతుంది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారన్న సామెత ఈ దారిదే.

మూడోది, మెల్లగా వాళ్ళలా అయిపోవడం. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు.

మొదటి దారి రాయడం సులువు, పిల్లలకు పనికొచ్చేది తక్కువ. వాళ్ళ చుట్టూ ఉన్న స్నేహితులు వాళ్ళను తినడానికి రాలేదు. రెండో దారిలో హంస తప్పేమీ లేదు కాబట్టి కథ విన్న పిల్లకు జాలి మిగులుతుంది, తాను ఏం చేసి ఉండాలో తెలియదు. అసలు బతుకుకు దగ్గరగా ఉండేది మూడోది. కానీ అలవాటు మారడం ఒక సంఘటన కాదు కాబట్టి, దాన్ని ఒంటరిగా రాస్తే కథ కదలదు. దానికి ఒక దెబ్బను జతచేయాలి.

ఆ దెబ్బ ఎలా ఉండాలో పంచతంత్రంలోని పేను, నల్లి కథ బాగా నేర్పుతుంది. రాజుగారి పక్కలో పేను ఎన్నాళ్ళనుంచో ఉంటుంది. కొత్తగా వచ్చిన నల్లి తొందరపడి రాజును కుడుతుంది. సేవకులు దీపం పట్టుకుని వెతికేసరికి నల్లి సందులోకి దూరిపోతుంది. బట్ట మడతల్లో ఉన్న పేను దొరికిపోతుంది. ఆ పేను పేరు మందవిసర్పిణి, అంటే మెల్లగా పాకేది. చావు దాని పేరులోనే ఉంది. అల్లరి చేసేటప్పుడు అందరూ ఒకటే, పారిపోయేటప్పుడు ఎవరి కాళ్ళు వాళ్ళవే. మన కథకు ఇదే ఇరుసు.

జంతువుల్ని పేరును బట్టి కాక ఒంటిని బట్టి ఎంచుకోండి

నక్క అంటే మోసం, గాడిద అంటే తెలివితక్కువ అనే లెక్క పక్కన పెట్టండి. అడగవలసిన ప్రశ్న ఒకటే: ఇద్దరూ కలిసి చేసే పనిలో ఒకరికి ఉన్న తప్పించుకునే దారి రెండోవారికి ఎందుకు లేదు? జవాబు శరీరంలో ఉండాలి. అప్పుడు మీరు వివరించనక్కరలేదు, పిల్లకు కళ్ళ ముందు కనిపిస్తుంది.

మన కథకు కాకులు, నెమలి, ఒక కుక్క. కాకులు నిజంగానే ఒక ఆట ఆడతాయి. ఒకటి వెనక వాలి కుక్క తోక పట్టి లాగుతుంది. కుక్క వెనక్కి తిరగ్గానే రెండోది ముందున్న తిండి ఎత్తుకుపోతుంది. ఈ ఆటలోకి నెమలి వచ్చిందనుకోండి. తోకలు లాగే ఆటలో అందరికన్నా పొడుగాటి తోక ఉన్నది అదే. ప్రమాదం కథలోకి బయటనుంచి రానక్కరలేదు, మొదటినుంచీ నెమలి వీపు వెనకే ఉంది.

ఇక్కడ జంతువు గురించి మీకు సరిగ్గా తెలియాలి. మనం తోక అనేది నిజానికి నెమలి తోక కాదు. అసలు తోక పొట్టిది, పింఛం కింద దాగి దాన్ని నిలబెడుతుంది. పింఛం దాని పై ఈకలు. మగ నెమలికి సుమారు మూడేళ్ళు నిండాకే నిండు పింఛం వస్తుంది, మీటరు దాటి పెరుగుతుంది. ఏటా వానకాలం చివర రాలిపోయి మళ్ళీ మొలుస్తుంది. కుదురుతో సహా ఊడిన ఈక చోట కొత్తది త్వరగానే మొదలవుతుంది. సగానికి విరిగిన ఈక మాత్రం రాలే కాలం వచ్చేదాకా అలాగే ఉంటుంది. ఈ చివరి వివరమే మన కథకు ముగింపు ఇస్తుంది. జంతువు గురించి పది విషయాలు రాసుకుంటే వాటిలో ఒకటి ఇలా పనికొస్తుంది. మిగతా తొమ్మిదీ కథలోకి తోయకండి.

ఒక జాగ్రత్త. అందమైన నెమలి, నల్లటి కాకులు అనగానే రంగును బట్టి, పుట్టుకను బట్టి సావాసం తేల్చుకోవాలని పిల్లకు అర్థమయ్యే ప్రమాదం ఉంది. ఈ రకం కథల్లో ఇది పాత జబ్బు. మందు సులువే: హెచ్చరిక చేసే పాత్ర కూడా కాకే అయి ఉండాలి. ముఠాలో లేని ఒక ముసలి కాకిని పెట్టండి. పాత్రలకు దుర్బుద్ధి, సుబుద్ధి వంటి పేర్లు పెట్టకండి. కంటికి కనిపించేదే పేరు చేయండి. ఊరకాకి మెడ బూడిదరంగులో ఉంటుంది కాబట్టి ముఠాలో ముందుండే కాకిని "బూడిదమెడ" అందాం. నెమలికి నెమలి చాలు.

కథలో సగం స్నేహానికే ఇవ్వండి

600 మాటల్లో 250 నుంచి 300 దాకా స్నేహం ఎంత బాగుందో చెప్పడానికే వాడండి. చాలామంది దీన్ని రెండు వాక్యాల్లో కట్టేసి ప్రమాదం దగ్గరికి పరుగెత్తుతారు. అక్కడే కథ చచ్చిపోతుంది.

తీపిని "వాళ్ళు మంచి స్నేహితులయ్యారు" అని చెబితే రాదు. ఒక్క పని చూపించాలి. నెమలి చింతచెట్టు కింద ఒంటరిగా గింజలు ఏరుకుంటోంది. బూడిదమెడ వచ్చి పక్కన వాలి, తన నోట్లోని ముక్కను దాని ముందు పడేసి, "నువ్వు తిను, మాకు ఇంకా ఉంది" అంటుంది. ఈ మాట నిజం కావాలి. వెనక కుట్ర ఉండకూడదు. కాకులు కబుర్లు చెబుతాయి, ఏ చెట్టు మీద ఏం జరిగిందో వాటికి తెలుసు, నెమలి ఎగిరితే నవ్వవు. నెమలికి జీవితంలో మొదటిసారి ఎవరో తనకోసం చోటు ఉంచారు.

చెడ్డ స్నేహితుడి వాదన కూడా గట్టిగా ఉండనివ్వండి. జింక కథలో దీనికి చక్కటి మచ్చు ఉంది. కులశీలాలు తెలియనివాణ్ణి నమ్మకూడదని జింక పాత స్నేహితుడైన కాకి అంటే, నక్క తిరిగి అడుగుతుంది: నువ్వు జింకను మొదటిసారి కలిసిన రోజున నీ కులశీలాలు మాత్రం దానికి తెలుసా? ఆ ప్రశ్నకు కాకి దగ్గర సరైన జవాబు లేదు. అందుకే జింక నక్కను ఉండనిస్తుంది, అందుకే ఆ కథ ఇన్ని వందల ఏళ్ళు నిలిచింది. మీ కథలో కూడా బూడిదమెడ ఒక్కసారైనా వినేవాళ్ళు "నిజమే కదా" అనుకునే మాట అనాలి. ఉదాహరణకు: "కుక్కకు దెబ్బ తగిలిందా? లేదు. గింజలు తరిగాయా? గుప్పెడు. మరి తప్పెక్కడుంది?"

మూడు మెట్లు కట్టండి

ఒక్క రోజులో ఎవరూ పాడైపోరు. మెట్టుకు మెట్టుకు మధ్య ఎత్తు తక్కువగా ఉండాలి, దిగాక వెనక్కి చూస్తే ఎక్కువగా కనిపించాలి. మూడు మెట్లు సరిపోతాయి. నాలుగైతే పిల్లలు కదులుతారు.

మొదటి రోజు నెమలి దూరంగా నిలబడి చూస్తుంది. కళ్ళంలో గింజలు ఆరబోశారు. పక్కనే కుక్క కునుకు తీస్తోంది. బూడిదమెడ వెనకనుంచి తోక లాగింది, కుక్క గిర్రున తిరిగింది, మిగతా కాకులు గింజలు ముక్కున కరుచుకుని కొమ్మెక్కాయి. నెమలి పడీ పడీ నవ్వింది. అంతే, దాని తప్పు నవ్వడం వరకే.

రెండో రోజు "నువ్వు ముందు నిలబడి పింఛం విప్పు, కుక్క నిన్నే చూస్తూ ఉంటుంది" అన్నాయి. నెమలి గింజ కూడా ముట్టలేదు. తన అందం ఒకరికి అక్కరకొచ్చిందన్న సంతోషమే దానికి చాలింది. ఈ మెట్టు మీద కాస్త ఆగండి. పిల్లల్లో ఎక్కువమంది జారేది ఇక్కడే, తాము తీసుకోవడం లేదు కదా అనుకుంటూ.

మూడో రోజు తోక లాగే వంతు నెమలిది.

మెట్ల మధ్య ఇంకో నష్టం సన్నగా నడవాలి. నెమళ్ళు చీకటి పడేసరికి పెద్ద చెట్టెక్కి పడుకుంటాయి. మొదటి సాయంత్రం నెమలి ఆలస్యంగా వస్తే తన కొమ్మ మీద చోటు ఖాళీగా ఉంది. రెండో సాయంత్రం పక్కవాళ్ళు జరిగి చోటిచ్చారు. మూడో సాయంత్రం అక్కడ వేరే నెమలి పడుకుని ఉంది, ఇది కింది కొమ్మ మీద సర్దుకుంది. ఒక్కొక్కదానికి ఒక్కో వాక్యమే. దీని గురించి పాత్రలు ఏమీ మాట్లాడకూడదు.

హెచ్చరిక ఒక్కసారి, కబురులా

హెచ్చరించే పాత్ర నీతి చెబితే, పిల్ల చెవులు మూసుకుంటుంది. ఆ గొంతు రోజూ వినేదే. కాబట్టి ముసలి కాకి "వాళ్ళతో తిరగకు" అనకూడదు. తాను చూసింది చెప్పాలి: "నిన్న తోక లాగకముందే ఆ కుక్క చెవి తిప్పింది. తర్వాతే తల తిప్పింది."

ఈ రెండు వాక్యాల్లో మూడు పనులు జరుగుతున్నాయి. కుక్క ఆట నేర్చేసుకుందని వినేవాళ్ళకు తెలిసింది. నెమలికి కూడా తెలిసే అవకాశం వచ్చింది. ముసలి కాకి ఎవర్నీ తిట్టలేదు. నెమలి ఏదో అడగబోతుంది. అంతలో కొమ్మ మీదనుంచి ముఠా పిలుస్తుంది, "రావోయ్, నీకోసమే ఆగాం." నెమలి వెళ్తుంది. వెళ్ళే ముందు అది ఒక్క క్షణం ఆగాలి. ఆ క్షణం లేకపోతే నెమలికి ఎంపిక లేనట్టు అవుతుంది, కథ దురదృష్టం మీదికి పోతుంది.

దెబ్బను అయిదారు వాక్యాల్లో ముగించండి

ఇక్కడ పొడిగించకండి. వాక్యాలు చిన్నవి కావాలి. ఇలా:

"నెమలి ముక్కుతో తోక పట్టుకుంది. లాగింది. కుక్క తల తిప్పలేదు. ఒక్కసారిగా ఒళ్ళంతా తిప్పింది. కాకులన్నీ టపటపా కొమ్మెక్కాయి. నెమలీ ఎగిరింది, కానీ పింఛం ఇంకా నేల మీదే ఉంది."

చివరి వాక్యం తర్వాత కుక్క ఏం చేసిందో చెప్పనక్కరలేదు. ఫట్‌మని ఈకలు విరిగిన చప్పుడు ఒక్కటి చాలు.

ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, పిడుగు పడటం, వేటగాడు రావడం వంటి బయటి ప్రమాదం తేవడం. అప్పుడు సావాసానికీ దెబ్బకూ సంబంధం తెగిపోతుంది. నెమలి ఒంటరిగా ఉన్నా పిడుగు పడేదే కదా. రెండోది, కాకులు "బాగా అయింది" అని నవ్వడం. అలా రాస్తే అవి మొదటినుంచీ శత్రువులే అయిపోతాయి, మీరు సగం కథ పెట్టి కట్టిన స్నేహం అబద్ధమైపోతుంది. కాకులు పైనుంచి గట్టిగా అరవాలి. "ఎగురు, ఎగురు" అని నిజంగా భయపడి అరవాలి. వాటికి చేతనైంది అదొక్కటే.

చంపాలా వద్దా అన్నది వయసును బట్టి. అయిదారేళ్ళ పిల్లలకు చెప్పేటప్పుడు నెమలి రెండు ఈకలతో బయటపడితే చాలు. పన్నెండు దాటినవాళ్ళకు చావు కూడా చెప్పవచ్చు. మధ్యవాళ్ళకు చావు కన్నా ఎక్కువ పనిచేసేది కొంతకాలం మోయవలసిన నష్టం. చచ్చిపోయిన నెమలిని పిల్ల మరిచిపోతుంది. విరిగిన ఈకలతో తిరిగే నెమలిని మరిచిపోదు.

ముగింపు: వాన పడనివ్వండి

విరిగిన ఈకలు రాలే కాలం దాకా అలాగే ఉంటాయన్నాం. కాబట్టి దెబ్బ వానలకు కొద్దిరోజుల ముందు తగలాలి, వేసవి పంట కళ్ళంలో ఉన్నప్పుడు. తర్వాత మొదటి వాన. నెమళ్ళన్నీ పింఛాలు విప్పాయి. మన నెమలీ విప్పింది. దాని పింఛంలో మధ్యన పెద్ద ఖాళీ, అందులోంచి వెనకున్న వాన కనిపిస్తోంది.

అప్పుడు కాకులు వచ్చి, తడుస్తూ పక్క కొమ్మ మీద కూర్చుని, "రేపు చెరువు దగ్గర ఇంకో కుక్క ఉంది, వస్తావా?" అని ఆప్యాయంగా అడగాలి. నెమలి జవాబు రాయకండి. "వాన పెద్దదైంది" అని ఆపేయండి. కింద "నీతి" అని గీత గీసి వాక్యం రాస్తే, అప్పటిదాకా పిల్ల తనంతట తాను కూడబెట్టుకున్నది మీరు లాక్కుని మీ మాటల్లో తిరిగి ఇచ్చినట్టవుతుంది.

చెప్పేముందు, చెప్పేటప్పుడు

రాసింది ఒకసారి బయటికి చదవండి. ఒక్క ఊపిరిలో రాని వాక్యాన్ని రెండు చేయండి. "దుష్టసాంగత్యం", "పర్యవసానం" లాంటి మాటలు కనిపిస్తే కొట్టేయండి. "తెలివైన", "అమాయకమైన", "టక్కరి" వంటి విశేషణాలు అన్నీ తీసేసి చూడండి. కథ ఇంకా నిలబడితే సరిగ్గా రాసినట్టు. కూలితే, పాత్ర చేయవలసిన పనిని విశేషణం చేస్తోందన్నమాట. అక్కడ ఒక పని రాయండి.

తోక లాగే ఘట్టం మూడుసార్లు వస్తుంది కాబట్టి మొదటి రెండుసార్లూ ఒకే మాటలతో చెప్పండి, "తోక లాగింది, కుక్క తిరిగింది, గింజలు పోయాయి" అని. రెండోసారికే పిల్లలు మీతో కలిసి అంటారు. మూడోసారి కూడా "తోక లాగింది, కుక్క..." అని అందుకుంటారు. అప్పుడు మీరు ఆగి, గొంతు తగ్గించి, "తల తిప్పలేదు" అనండి. కాకుల గొంతును వికారంగా చేసి చెప్పకండి. మీ మామూలు గొంతులోనే, కాస్త హుషారుగా చెప్పండి. వెక్కిరింపు గొంతు వినగానే అది చెడ్డపాత్ర అని పిల్లలకు అందిపోతుంది.

కథ అయ్యాక మనసులో పది లెక్కపెట్టండి. మీరు మాట్లాడకపోతే ఎవరో ఒకరు అడుగుతారు, ఎక్కువగా "కాకులు చెడ్డవా?" అని. అవునని గాని, కాదని గాని అనకండి. "నెమలి ఏ రోజున ఇంటికి వెళ్ళిపోయి ఉంటే బాగుండేది?" అని తిరిగి అడగండి. కొందరు మూడో రోజు అంటారు, కొందరు రెండో రోజు. మొదటి రోజే అన్నవాళ్ళను "అప్పుడు నవ్వింది కదా, అంతేగా?" అని కదపండి. వాళ్ళలో వాళ్ళు వాదించుకోవడం మొదలుపెడితే, మీరు లేచి వెళ్ళిపోవచ్చు.